డజను పచ్చి గుల్లలు, 48 డాలర్లు: పెద్దవాళ్ళను ఆయిస్టర్ బ్రంచ్‌కి తీసుకెళ్ళొచ్చా?

రాత్రిషిఫ్టు (రెడ్‌మండ్)
సియాటెల్ వైపు ఉన్నవాళ్ళు తీర్పు చెప్పాలి. అమ్మానాన్న కాకినాడ నుంచి వచ్చి నెలైంది. పోయిన ఆదివారం ఇంట్లో ఇడ్లీ మానిపించి, ఈమధ్య అందరూ ఫొటోలు పెడుతున్న ఒక ఆయిస్టర్ బార్‌కి బ్రంచ్‌కి (టిఫినూ భోజనమూ కలిపి ఆలస్యంగా తినేది) తీసుకెళ్ళాను. గంటసేపు బయట చలిలో నిలబెట్టారు. లోపలికి వెళ్ళాక ఐసు మీద డజను ఆయిస్టర్లు పచ్చివే తెచ్చిపెట్టారు. "వీటిని ఎప్పుడు వండుతారు?" అంది అమ్మ. వండరని చెప్పగానే కుర్చీ వెనక్కి జరుపుకుంది. నాన్న మాత్రం నిమ్మకాయ పిండుకుని ఆరు లాగించారు. అమ్మకని హ్యాంగ్‌టౌన్ ఫ్రై చెప్పాను. వేయించిన ఆయిస్టర్లు వేసిన ఆమ్లెట్టు అది. అందులో బేకన్, అంటే పంది మాంసం, ఉంటుందని నాకు తట్టలేదు. చివరికి ఆవిడ ఒక టోస్టు తిని లేచింది.

టిప్పుతో కలిపి 190 డాలర్లు. నాన్నకు షుగరు ఉంది, పచ్చివి పెట్టడం తప్పని మా ఆవిడ. మళ్ళీ ఎప్పుడొస్తారో, ఒక్కసారి రుచి చూస్తే ఏమవుతుందని నేను. ఎవరిది రైటు?

పొదుపులక్ష్మి (బాతెల్)
మీ ఆవిడదే. నా కారణం మాత్రం వేరు. ఒక్కో గుల్ల నాలుగు డాలర్లు, ఒక్క గుక్కలో అయిపోతుంది. అవే గుల్లలు మామూలు రోజు సాయంత్రం హ్యాపీ అవర్‌లో చాలాచోట్ల సగం ధరకు ఇస్తారు. బ్రంచ్ అంటే ఆలస్యంగా లేచినవాళ్ళకు గుడ్డు ఖరీదు పెంచి అమ్మడమే కదా!

ఉప్పుటేరు
కాకినాడ వాళ్ళకు గుల్లలు కొత్తా అండీ? మా అమ్మమ్మగారి ఇల్లు గుల్ల సున్నంతో కట్టిందే. ఉప్పుటేళ్ళ బురదలో దిగి గుల్లలు ఏరుకొచ్చేవాళ్ళు. డొప్పలు బట్టీకి, లోపలిది కూరకి. పచ్చిగా తిన్నవాడిని నేనైతే చూడలేదు. ఐసు లేని రోజుల్లో, ఎండలు మండే తీరంలో పచ్చిది నోట్లో పెట్టకపోవడం తెలివైన పనే. దాన్ని నాగరికత తెలియకపోవడం కింద జమకట్టకండి. మీ అమ్మగారు అడిగింది సరైన ప్రశ్న.

చిప్పకత్తి (ఒలింపియా)
ఐదేళ్ళు ఇలాంటి కిచెన్‌లోనే చిప్పలు విప్పాను కాబట్టి కొంచెం పెద్దగా రాస్తున్నాను.

పచ్చి ఆయిస్టర్ అంటే ఇక్కడ బతికున్న ఆయిస్టరే. నోరు తెరిచి, తట్టినా మూసుకోకపోతే చచ్చిందని లెక్క, పారేస్తాం. ప్రతి సంచికీ ఎక్కడ తీశారో, ఏ రోజు తీశారో రాసిన ట్యాగు ఉంటుంది. సంచి ఖాళీ అయ్యాక కూడా ఆ ట్యాగును 90 రోజులు దాచాలి, ఎవరికైనా జబ్బు చేస్తే వెనక్కి వెతకడానికి. "ఇవి ఏ బే నుంచి వచ్చాయి, ఎప్పుడు తీశారు?" అని అడగండి. చెప్పలేని చోట తినకండి.

ఇంగ్లీషు పేరులో 'ఆర్' అక్షరం ఉన్న నెలల్లోనే తినాలని పాత మాట ఒకటుంది. సెప్టెంబరు నుంచి ఏప్రిల్ దాకా అన్నమాట. (సరిగ్గా ఆ మధ్యలోనే మనకు కార్తీకం వచ్చి నీచు మానేయాలి. మన అదృష్టం అలాంటిది.) వేసవిలో గుడ్లు పెట్టే కాలం, కండ పాలపాలగా అయిపోతుంది. ఇప్పుడు గుడ్లు పెట్టని రకాలు పెంచుతున్నారు కాబట్టి రుచికి ఆ లెక్క పోయింది. జబ్బు లెక్క పోలేదు. 2021 జూన్ చివర ఇక్కడ వడగాలి కొట్టాక, ఆ జులైలో పచ్చి గుల్లలు తిని విబ్రియో అనే సముద్రపు బాక్టీరియాతో మంచాన పడ్డవాళ్ళు బాగా పెరిగారు. చలికాలమైతే విబ్రియో తగ్గుతుంది గానీ వాంతులు, విరేచనాలు తెప్పించే నోరోవైరస్ ఉండొచ్చు. నిమ్మకాయ, హాట్ సాస్ రుచికే, వాటితో క్రిములు చావవు.

ధర సంగతి. ఇక్కడ మెనూలో కనిపించే పది పేర్లలో ఎక్కువ భాగం ఒకటే జాతి, జపాన్ నుంచి వచ్చిన పసిఫిక్ ఆయిస్టర్. ఏ బేలో పెరిగితే ఆ పేరు, ఆ రుచి. మన పులసా అంతే కదా: సముద్రంలో ఉన్నంతసేపు మామూలు చేప, గోదారి ఎదురెక్కితే పులస. పులసకు వేలు పెట్టే మనం దీన్ని చూసి నవ్వకూడదు.

మందులషాపు_అక్క
తమ్ముడూ, షుగరు, కాలేయ జబ్బు ఉన్నవాళ్ళు పచ్చి గుల్లలు తినొద్దనే ఇక్కడి ఆరోగ్యశాఖ వాళ్ళు చెబుతారు. విబ్రియో వల్నిఫికస్ అనే రకం ఒంట్లో చేరితే ఐదుగురిలో ఒకరు పోతారు. అది ఎక్కువగా గల్ఫ్ తీరం వేడినీళ్ళలో ఉంటుంది, మన వైపు దొరికే దానితో మామూలుగా వాంతులు, విరేచనాలతో పోతుంది. అయినా షుగరు పేషెంటు మీద పందెం కాయడం ఎందుకు? వారమైంది, ఏమీ కాలేదు కదా, ఇక టెన్షన్ వద్దు. ఈసారి ఉడికించినవి పెట్టు.

పొదుపులక్ష్మి (బాతెల్)
అంటే 48 డాలర్లు కట్టి టెన్షన్ కొనుక్కున్నట్టు.

ఉప్పుటేరు
ఒక్క విషయం. అక్క చెప్పింది నిజమే, కానీ ఇక్కడ అందరం పెద్దాయన్ని ఎల్‌కేజీ పిల్లాడిలా చూస్తున్నాం. ముప్పు ఉందని ముందే చెప్పి తింటారా అని అడిగారా? చెప్పకుండా పెట్టడం మీ తప్పు. చెప్పాక కూడా తింటానంటే అది ఆయన ఇష్టం.

మందులషాపు_అక్క
ఇష్టం ఆయనది, ఎమర్జెన్సీకి తీసుకెళ్ళి కూర్చోవాల్సింది కోడలు. ఆవిడనూ అడగాలి మరి.

రాత్రిషిఫ్టు (రెడ్‌మండ్)
అడగలేదు. ఆ మాట గుచ్చుకుని రాత్రి నాన్నతో కూర్చుని అన్నీ చెప్పాను. ఆయన జవాబు: "రుచేముందిరా, సముద్రంలో స్నానం చేస్తూ నీళ్ళు మింగినట్టుంది. నువ్వు అంత డబ్బు పోశావని తిన్నాను."

కాబట్టి మా ఆవిడ గెలిచింది. వచ్చే ఆదివారం ఆటు నీళ్ళు వెనక్కి తగ్గే వేళకు హుడ్ కెనాల్ (సియాటెల్‌కి పడమట ఉన్న సముద్రపు పాయ) వెళ్తున్నాం. ఆరోగ్యశాఖ తెరిచి ఉంచిన బీచ్ చూసుకుని లైసెన్సు తీసుకున్నాను, రోజుకు 18 గుల్లలు ఏరుకోవచ్చు. అక్కడే చిప్ప విప్పి కండ మాత్రమే తెచ్చుకోవాలి. డొప్పలకు పిల్ల గుల్లలు అంటుకుని పెరుగుతాయి కాబట్టి వాటిని బీచ్‌లోనే వదిలేయాలి. ఇంటికొచ్చాక ఇగురు. అమ్మ ఇప్పటికే అల్లం వెల్లుల్లి నూరి డబ్బాలో పెట్టింది. డొప్పలు వదిలేయాలంటే మాత్రం ఆవిడకు మనసొప్పడం లేదు, సున్నానికి పనికొస్తాయి కదరా అంటోంది.