తెలుగు బిల్లింగ్ విండోలు: వత్తులు తెగుడు, రంగులు పాకుడు, డైలాగులు వెనక్కి పోవుడు

ఎనుమాముల_కోడ్:
మార్కెట్ యార్డు అడ్తి (కమీషన్) దుకాణాల కోసం తక్‌పట్టీ (రైతుకు ఇచ్చే తూకం, లెక్క చీటీ), బిల్లింగ్ ప్రోగ్రాం. పైథాన్, పైసైడ్6 (విండోలు గీసే క్యూటీ లైబ్రరీని పైథాన్‌ల వాడనిచ్చేది). విండోస్ 10, 11 రెండింటి మీద నడవాలె. రైతు పేరు, ఊరు, బస్తాలు, తూకం, హమాలీ, దడువాయి (తూకం కూలి), కమీషన్, ఇట్ల లేబుళ్లన్నీ తెలుగులనే.

చిక్కులు ఇవి. టెక్స్ట్ బాక్సులల్ల "లక్ష్మి", "కృష్ణ" అని కొడితే కింది వత్తులు సగం తెగుతున్నయి. పై ప్యానెల్‌కు పసుపు రంగు ఇస్తే లోపలి బటన్లకు, దాని మీద వచ్చే మెసేజ్ బాక్సులకు కూడా అదే రంగు పాకుతున్నది. రేటు డైలాగు మెయిన్ విండో వెనక్కి పోతున్నది, ఇంకో చిన్న విండో మెరిసి మాయమైతున్నది. లాట్ చీటీ మీది బార్‌కోడ్ స్కాన్ చేయంగనే, తూకం నింపకముందే డైలాగు సేవ్ అయి మూసుకుంటున్నది. చివరగా, ప్రోగ్రాం మూసి తెరిచిన ప్రతిసారి విండో ఇంత కిందికి జరుగుతున్నది. తెలిసినోళ్లు ఏది తెలిస్తే అది చెప్పుండ్రి. అన్నీ ఒక్క తాన ఉంటే తర్వాత వచ్చేటోళ్లకు కూడా అక్కరకొస్తది.

హన్మకొండ_విడ్జెట్:
వత్తుల సంగతి చెప్తాను, అసలు కారణం రెండు చోట్ల ఉంది.

మొదటిది ఫాంటు. విండోస్‌లో మామూలుగా వచ్చే సెగో యూఐలో తెలుగు అక్షరాలు లేవు. తెలుగు కనబడేది నిర్మలా యూఐ నుంచి, పాత సిస్టమ్స్‌లో గౌతమి నుంచి. కానీ క్యూటీ టెక్స్ట్ బాక్సు ఎత్తు లెక్క కట్టేది మీరు పెట్టిన మొదటి ఫాంటును చూసి. ఇంగ్లీషు అక్షరానికి సరిపోయే ఎత్తులో తెలుగు అక్షరం వచ్చి కూర్చుంటుంది. పైన గుడిదీర్ఘం, కింద వత్తు, రెండూ గోడలకు తగులుతాయి.

రెండోది మీ కోడ్‌లోనే ఉండి ఉంటుంది: సెట్‌ఫిక్స్‌డ్‌హైట్(24), దాని మీద స్టైల్‌షీట్‌లో (రంగులు, అంచులు, ఖాళీలు రాసే చోటు) ప్యాడింగ్ 4. లెక్క చూడండి. 24లో పైనా కిందా బోర్డర్ 2, ప్యాడింగ్ 8 పోతే మిగిలేది 14 పిక్సెళ్లు. 11 పాయింట్ల ఫాంటు అంటే 96 డీపీఐ దగ్గర 14.67 పిక్సెళ్లు. వత్తు సంగతి తర్వాత, అక్షరానికే చోటు చాలలేదు.

చేయాల్సింది: క్యూఅప్లికేషన్ తయారైన తర్వాతే (ముందు కాదు) క్యూఫాంట్‌డేటాబేస్‌లోని యాడ్‌అప్లికేషన్‌ఫాంట్‌తో నోటో సాన్స్ తెలుగు ఫైల్ ఎక్కించండి. అది -1 ఇస్తే ఫైల్ దొరకలేదని, లేదా చదవలేకపోయిందని అర్థం. ఆ తనిఖీ వదిలేయొద్దు, లేకపోతే తప్పు ఎక్కడుందో తెలియకుండా పాత ఫాంటే నడుస్తుంది. తర్వాత సెట్‌ఫ్యామిలీస్‌లో మొదట తెలుగు ఫాంటు, రెండోది సెగో యూఐ. ఈ వరుసే ముఖ్యం, ఎత్తు మొదటిదాన్ని బట్టి వస్తుంది కనుక. సెట్‌ఫిక్స్‌డ్‌హైట్ అన్నీ తీసేసి, సెట్‌మినిమమ్‌హైట్‌లో ఫాంట్‌మెట్రిక్స్ ఇచ్చిన ఎత్తుకు 12 కలిపి ఇవ్వండి. టేబుల్ వరుసలు వేరే లెక్క: వర్టికల్‌హెడర్‌కు సెట్‌డిఫాల్ట్‌సెక్షన్‌సైజ్ విడిగా ఇవ్వాలి, ఫాంటు ఎత్తుకు 8 కలిపితే చాలు.

పరీక్షకు "అమల", "కమల" పనికిరావు. "స్త్రీ", "లక్ష్మి", "కృష్ణ", "వర్ధన్నపేట" పెట్టి చూడండి. "స్త్రీ"లో పైన గుడిదీర్ఘం, కింద రెండు వత్తులు ఒకేసారి ఉన్నాయి, అది పట్టిన బాక్సులో ఏదైనా పడుతుంది.

ఎనుమాముల_కోడ్:
అన్నా, ఫాంటు ఎక్కింది, -1 రాలే. కానీ టేబుల్ హెడర్‌ల మాత్రం పాత ఫాంటే. సెట్‌ఫాంట్ పెట్టినా మారుతలేదు.

హన్మకొండ_విడ్జెట్:
స్టైల్‌షీట్‌లో ఎక్కడో హెడర్‌వ్యూకు ఫాంట్ అని రాసి ఉంటుంది. స్టైల్‌షీట్‌లో రాసినదే నెగ్గుతుంది, సెట్‌ఫాంట్ దాని ముందు నిలవదు. ఏదో ఒక చోటే పెట్టుకోండి.

కాజీపేట_లూప్:
రంగు పాకుడు గురించి. ప్యానెల్ మీద సెట్‌స్టైల్‌షీట్‌లో సెలెక్టర్ లేకుండా ఉత్త "బ్యాక్‌గ్రౌండ్: పసుపు" అని రాస్తే, అది ఆ ప్యానెల్‌కూ దాని కింద పిల్లలన్నింటికీ (దాన్ని పేరెంట్‌గా, అంటే యజమానిగా పెట్టుకున్న బటన్లు, బాక్సులు) వర్తిస్తుంది. మెసేజ్ బాక్సుకు ఆ ప్యానెల్ పేరెంట్ అయితే అదీ పిల్లే, టూల్‌టిప్ కూడా అంతే. సెట్‌ఆబ్జెక్ట్‌నేమ్‌తో ప్యానెల్‌కు ఒక పేరు పెట్టి, స్టైల్‌షీట్‌లో హ్యాష్ గుర్తు వేసి ఆ పేరుతోనే రూల్ రాయండి. ఇక అది గడప దాటదు.

ఇది చేశాక ఇంకొకటి ఎదురవుతుంది, ముందే చెప్తున్నా. ఆ ప్యానెల్ క్యూవిడ్జెట్ నుంచి మీరు రాసుకున్న సొంత క్లాస్ అయితే పసుపు మొత్తానికే కనబడదు. సెట్‌ఆట్రిబ్యూట్‌తో డబ్ల్యూఏ_స్టైల్డ్‌బ్యాక్‌గ్రౌండ్ ట్రూ చేయాలి. సొంత క్లాస్ తన నేపథ్యాన్ని తానే గీసుకుంటుందని క్యూటీ వదిలేస్తుంది, ఈ గుర్తు పెడితేనే స్టైల్‌షీట్‌ను చూసి గీస్తుంది.

బటన్‌కు బ్యాక్‌గ్రౌండ్ రంగు ఒక్కటే రాస్తే చాలాసార్లు పడదు. బోర్డర్ కూడా రాయాలి, కనీసం "బోర్డర్: నన్" అని. సిస్టమ్ గీసే బటన్ అంచు పైన కప్పేస్తుంది కనుక.

కాంబోబాక్సు, స్పిన్‌బాక్సు, స్క్రోల్‌బార్, ఈ మూడింటిలో ఒక భాగాన్ని ముట్టుకుంటే మిగతా భాగాలన్నీ మీ నెత్తినే పడతాయి. మిర్చి రకాల కాంబోలో (తేజ, వండర్ హాట్, చపాటా) డ్రాప్-డౌన్ భాగానికి రంగు వేశారంటే బాణం గుర్తు మాయం. డౌన్-యారో భాగానికి బొమ్మ కూడా మీరే ఇవ్వాలి.

గుండ్రని మూలల విషయం ఒక్క పిక్సెల్ దగ్గర తేలిపోతుంది. బటన్ ఎత్తు 36, బోర్డర్-రేడియస్ 18 అయితే అందంగా గుండ్రంగా వస్తుంది. అదే రేడియస్‌తో ఎత్తు 35 అయిందనుకోండి, పైమూల 18, కిందిమూల 18 కలిపి 36. ఎత్తును మించింది కనుక క్యూటీ రేడియస్‌ను తగ్గించదు, ఏకంగా సున్నా చేస్తుంది. మూలలు చతురస్రమైపోతాయి. వెబ్ సీఎస్ఎస్ అలవాటుతో 50 శాతం, 999 అని రాసేవాళ్లు ఇక్కడే ఇరుక్కుంటారు. సగం కన్నా ఒకటి రెండు తక్కువే ఉంచండి. బాక్స్-షాడో, ట్రాన్సిషన్, వేరియబుల్స్ ఇక్కడ లేనే లేవు. నీడ కావాలంటే క్యూగ్రాఫిక్స్‌డ్రాప్‌షాడోఎఫెక్ట్.

జమ్మికుంట_టీకే:
టీకింటర్ (పైథాన్‌తోని వచ్చే ఇంకో విండోల లైబ్రరీ, టీకే, టీటీకే దాని భాగాలే) వాడేటోళ్లకు రెండు ముక్కలు, ఎందుకంటే చిన్న దుకాణాల ప్రోగ్రాంలు దాంట్లనే ఎక్కువ ఉంటయి. టీటీకే ట్రీవ్యూల వరుస ఎత్తు 20 పిక్సెళ్లు, ఫాంటు పెంచినా అది పెరగదు. స్టైల్ కాన్ఫిగర్‌ల రోహైట్ 34 అట్ల చేత్తోని ఇయ్యాలె. విండోస్‌ల టీటీకే బటన్‌కు బ్యాక్‌గ్రౌండ్ ఇస్తే పడదు, అక్కడి సొంత థీమ్ ఆ రంగును పట్టించుకోదు. థీమ్‌ను క్లామ్‌కు మారిస్తే పడ్తది. అక్షరాలు మసకగ వస్తే విండో తయారు చేసేకన్న ముందే సీటైప్స్‌తోని సెట్‌ప్రాసెస్‌డీపీఐఅవేర్‌నెస్(1) పిలువాలె. లినక్స్‌ల టీకే 8.6తోని తెలుగు వద్దు, వత్తులు అక్షరం కింద కలువవు, పక్కపక్కన విడివిడిగ పడ్తయి. అది ఫాంటు మార్చినా పోదు. తెలుగు తెర లినక్స్‌ల కావాలంటే క్యూటీనో, జీటీకేనో పట్టుకోవాలె.

కాజీపేట_లూప్:
విండోల మాటకొస్తే, మెరిసి మాయమయ్యేది పైథాన్ చెత్త ఏరివేత. ఫంక్షన్ లోపల విన్ అని ఒక లోకల్ పేరుకు విండో ఇచ్చి షో పిలిచారు. ఫంక్షన్ అయిపోయింది, ఆ పేరు పోయింది, దానితోపాటే విండో పోయింది. సెల్ఫ్ చుక్క విన్ అని మెయిన్ విండో మీద దాచుకోండి.

వెనక్కి పోయే డైలాగుకు పేరెంట్ ఇవ్వలేదు. కన్‌స్ట్రక్టర్‌లో మెయిన్ విండోను పేరెంట్‌గా పంపితే ఎప్పుడూ దాని పైనే ఉంటుంది, టాస్క్‌బార్‌లో వేరే గుర్తు కూడా రాదు. కొందరు దీనికి స్టేస్‌ఆన్‌టాప్ ఫ్లాగ్ వేస్తారు. అది తప్పు మందు, బ్రౌజర్, ప్రింటర్ విండోల మీద కూడా ఎక్కి కూర్చుంటుంది. పైగా విండో కనబడుతుండగా సెట్‌విండోఫ్లాగ్స్ పిలిస్తే విండో దాక్కుంటుంది, మళ్లీ షో పిలవాలి.

కిందికి జరుగుడు: మీరు జామెట్రీ నుంచి ఎక్స్, వై తీసి దాచి, తెరిచేటప్పుడు మూవ్‌కు ఇస్తున్నారు. జామెట్రీ చెప్పేది టైటిల్ బార్ వదిలేసి లోపలి భాగం ఎక్కడుందో. మూవ్ జరిపేది టైటిల్ బార్‌తో కలిపి మొత్తం చట్రాన్ని. అందుకే ప్రతిసారి సరిగ్గా టైటిల్ బార్ మందం అంత దిగుతుంది. సేవ్‌జామెట్రీ, రీస్టోర్‌జామెట్రీ వాడి ఆ విలువను క్యూసెట్టింగ్స్‌లో పెట్టండి. రెండో మానిటర్ పీకేసినా విండో తెర బయట చిక్కుకోకుండా అదే లోపలికి తెస్తుంది.

హన్మకొండ_విడ్జెట్:
స్కాన్ చేయగానే మూసుకునేది అన్నింటికన్నా ప్రమాదం, ఎందుకంటే తూకం లేని తక్‌పట్టీ సేవ్ అవుతుంది. స్కానర్ అంటే కంప్యూటర్‌కు ఒక కీబోర్డే. అంకెలన్నీ కొట్టి చివర ఎంటర్ కొడుతుంది. క్యూడైలాగ్ లోపలి పుష్‌బటన్లన్నింటికీ ఆటోడిఫాల్ట్ (ఎంటర్ కొడితే నొక్కుకునే గుణం) ముందే ట్రూగా ఉంటుంది. టెక్స్ట్ బాక్సు ఎంటర్‌ను అందుకుని రిటర్న్‌ప్రెస్డ్ సిగ్నల్ ఇస్తుంది, కానీ అక్కడితో ఆపదు, డైలాగుకు పైకి పంపుతుంది. డైలాగు ఆ ఎంటర్‌తో సేవ్ నొక్కుతుంది.

అన్ని బటన్లకు సెట్‌ఆటోడిఫాల్ట్ ఫాల్స్ పెడితే పోతుందని చాలా చోట్ల చెప్తారు. విడి బటన్లయితే నిజమే. క్యూడైలాగ్‌బటన్‌బాక్స్ వాడితే చాలదు, డిఫాల్ట్ ఏదీ లేదని చూసి తెర మీదికి వచ్చేటప్పుడు అదే ఓకే బటన్‌ను డిఫాల్ట్ చేసుకుంటుంది. కాబట్టి డైలాగు క్లాస్‌లో కీప్రెస్‌ఈవెంట్ రాసుకోండి. కీ_రిటర్న్ గానీ కీ_ఎంటర్ గానీ అయితే ఏమీ చేయకుండా వెనుదిరగాలి, మిగతా కీలన్నీ సూపర్‌కు పంపాలి. రెండూ రాయాలి, కీ_ఎంటర్ అంటే కుడివైపు అంకెల ప్యాడ్‌ది, తూకాలు కొట్టేవాళ్ల చేయి ఎప్పుడూ అక్కడే ఉంటుంది. రిటర్న్‌ప్రెస్డ్ సిగ్నల్ ముందే వచ్చేసి ఉంటుంది కనుక అది మామూలుగా పనిచేస్తుంది. అందులో లాట్ వెతికి, ఫోకస్‌ను తూకం బాక్సుకు ఇచ్చి, సెలెక్ట్‌ఆల్ పిలవండి. సేవ్‌కు ఎఫ్9 లాంటి షార్ట్‌కట్ ఇవ్వండి, లేకపోతే ప్రతి బస్తాకూ మౌస్ పట్టుకోవాల్సి వస్తుంది.

ఎస్కేప్ కూడా చూసుకోండి. అది రిజెక్ట్‌ను పిలుస్తుంది. మూలన ఇంటూ గుర్తు నొక్కినా చివరికి రిజెక్ట్‌కే వస్తుంది. "సేవ్ చేయలేదు, మూసేయాలా" అన్న ప్రశ్న రిజెక్ట్‌లోనే పెడితే రెండు దారులూ కాస్తుంది.

కరీంనగర్_లినక్స్:
ఉబుంటులో నడిపేవాళ్లకు. 21.04 నుంచి మామూలుగా వచ్చేది వేల్యాండ్ (తెర మీద విండోలు చూపించే పద్ధతి). దాని కింద ప్రోగ్రాం తన విండోను తాను ఫలానా చోటికి జరుపుకోలేదు, మూవ్ పిలిచినా ఉలుకూ పలుకూ ఉండదు. సైజు వరకే తిరిగి వస్తుంది. చోటు తప్పనిసరి అయితే క్యూటీ_క్యూపీఏ_ప్లాట్‌ఫామ్ అనే ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్‌ను ఎక్స్‌సీబీ (పాత ఎక్స్11 పద్ధతి) చేసి నడపండి. క్యూటీ 6.5 నుంచి దానికి లిబ్‌ఎక్స్‌సీబీ-కర్సర్0 ప్యాకేజీ ఉండాలి, లేకపోతే ప్లగిన్ ఎక్కలేదని చెప్పి ఆగిపోతుంది. ఆప్ట్ ఇన్‌స్టాల్‌తో వేసుకోవచ్చు.

ఎనుమాముల_కోడ్:
వత్తులు, రంగు, ఎంటర్, కిందికి జరుగుడు, అన్నీ సాఫైనయి. స్టైల్డ్‌బ్యాక్‌గ్రౌండ్ సంగతి ముందే చెప్పకుంటే ఆడనే ఆగిపోదును. ఇంక రెండు మిగిలినయి. 1366×768 ల్యాప్‌టాప్‌ల స్కేలింగ్ 125 శాతం ఉంటే తక్‌పట్టీ డైలాగు అడుగున సేవ్ బటన్ తెర కిందికి పోయింది. పైఇన్‌స్టాలర్‌తోని (పైథాన్ కోడ్‌ను విండోస్ ప్రోగ్రాంగ కట్టేది) ఈఎక్స్‌ఈ చేస్తే కాంబో బాణం మళ్ల మాయమైంది.

కాజీపేట_లూప్:
స్కేలింగ్ లెక్క: 768ని 1.25తో భాగిస్తే 614. విండోస్ 10 టాస్క్‌బార్ 40, టైటిల్ బార్ ఇంకో 30 దాకా పోతే మీకు దొరికేది 540 చిల్లర. డైలాగును 650 ఎత్తుతో గట్టిగా బిగిస్తే అడుగు తెగక తప్పదు. ఫీల్డులన్నీ క్యూస్క్రోల్‌ఏరియాలో పెట్టి, సేవ్ బటన్‌ను దాని బయట, కింద ఉంచండి. ఎత్తును స్క్రీన్ అవైలబుల్‌జామెట్రీ చూసి దానికి మించకుండా కట్టండి. క్యూటీ 6లో స్కేలింగ్ ఆపే జోలికి పోవద్దు.

హన్మకొండ_విడ్జెట్:
బాణం బొమ్మ: స్టైల్‌షీట్‌లో యూఆర్ఎల్ లోపల ఉత్త ఫైల్ పేరు రాస్తే, క్యూటీ దాన్ని ప్రోగ్రాం నడుస్తున్న ఫోల్డర్‌లో వెతుకుతుంది, కోడ్ ఉన్న ఫోల్డర్‌లో కాదు. డెస్క్‌టాప్ షార్ట్‌కట్ నుంచి తెరిస్తే ఆ ఫోల్డర్ వేరే. పైఇన్‌స్టాలర్ 6 అయితే డేటా ఫైళ్లను _ఇంటర్నల్ అనే ఫోల్డర్‌లో వేస్తుంది, అదీ చూసుకోవాలి. దారి చేత్తో కట్టాలంటే సిస్ మాడ్యూల్‌లోని _ఎంఈఐపాస్ నుంచి మొదలుపెట్టి, వెనక్కి వాలిన గీతలన్నీ ముందుకు వాలిన గీతలుగా మార్చి స్టైల్‌షీట్‌కు ఇవ్వాలి, వెనక గీతలతో యూఆర్ఎల్ చదవదు. దీనికన్నా నయం, బొమ్మలన్నీ ఒక క్యూఆర్‌సీ ఫైల్‌లో (ప్రోగ్రాంలోనే కలిపేయాల్సిన ఫైళ్ల జాబితా) రాసి పైసైడ్6-ఆర్‌సీసీతో పైథాన్ ఫైల్‌గా చేసి, దాన్ని ఇంపోర్ట్ చేయండి. స్టైల్‌షీట్‌లో దారి కోలన్, ముందు గీతతో మొదలవుతుంది. తెలుగు ఫాంటు ఫైల్‌ను కూడా అందులోనే పెట్టేయండి, యాడ్‌అప్లికేషన్‌ఫాంట్ ఆ దారినీ తీసుకుంటుంది.

ఎనుమాముల_కోడ్:
క్యూఆర్‌సీల పెట్టిన, బాణం వచ్చింది, ఫాంటు గూడ దాంట్లకెళ్లే ఎక్కుతున్నది. డైలాగు ఎత్తు 520కి దించిన, సేవ్ బటన్ ఇప్పుడు తెర మీదనే ఉన్నది.