తిరగబెట్టిన గర్భాశయ క్యాన్సర్‌కు మళ్ళీ అదే కీమోనా?

పెద్దకూతురు:
రాత్రంతా రిపోర్టులు ముందేసుకుని కూర్చున్నాను, తల తిరిగిపోతోంది. అమ్మకు గర్భాశయం తీసేశారు, కీమో అయింది. ఇప్పుడు ఊపిరితిత్తుల్లో మచ్చలు కనిపించాయి. డాక్టరు గారు మళ్ళీ కార్బోప్లాటిన్, పాక్లిటాక్సెల్ అంటున్నారు. ఆ మందులు పనిచేసి ఉంటే జబ్బు ఎందుకు తిరగబెడుతుంది? కొత్త మందు ఏదైనా ఉంటే చెప్పండి. శుక్రవారమే మొదలుపెడతారట.

ఆంకాలజీ నర్సు:
బయాప్సీలో రకం ఏమిటి? చివరి కీమో ఎప్పుడు? ఈ రెండూ లేకుండా ఎవరూ ఏమీ చెప్పలేరు.

గుంటూరు పిన్ని:
అమ్మా, ముందు పోర్టు పెట్టించు. మా అక్కయ్యకు చేతికే ఎక్కించి ఎక్కించి చివరకు సూది గుచ్చడానికి నరం దొరకలేదు. ఛాతీ మీద చర్మం కింద చిన్న డబ్బీలాంటిది అమరుస్తారు. వాడనప్పుడు కూడా మధ్యమధ్య శుభ్రం చేయించాలి, చలిజ్వరం వస్తే వెంటనే ఆసుపత్రికి వెళ్ళాలి. ఈ సంగతి ముందుగా ఎవరూ చెప్పరు, అదే నా బాధ.

పెద్దకూతురు:
అడుగుతాను పిన్నిగారూ. రిపోర్టులో సీరస్ కార్సినోమా, హై గ్రేడ్ అని ఉంది. కీమో పోయిన ఏడాది ఉగాదికి ముందే అయిపోయింది.

లెక్కల మాస్టారు:
హై గ్రేడ్ అంటే మూడో స్టేజి దాటినట్టే.

ఆంకాలజీ నర్సు:
కాదు. గ్రేడ్ కణాల తీరును చెబుతుంది, స్టేజి వ్యాప్తిని. సీరస్ రకం మొదటి స్టేజిలో దొరికినా హై గ్రేడే.

లెక్కల మాస్టారు:
ఊపిరితిత్తులకు పాకాక నాలుగో స్టేజి అనరా మరి?

ఆంకాలజీ నర్సు:
మొదట నిర్ధారించిన స్టేజి మారదండీ. ఇది తిరగబెట్టిన జబ్బు, అంతే.

విశాఖ అన్నయ్య:
అమ్మా, మా ఇంట్లోనూ ఇదే రకం. ఏడాది దాటిందంటే ఆ మందు బాగా పనిచేసినట్టే. కార్బోప్లాటిన్ లాంటి ప్లాటినం మందు ఆపిన ఆరు నెలల తర్వాత జబ్బు వస్తే మళ్ళీ అదే ఇవ్వడం మామూలే. ఆరు నెలల లోపే వస్తే సాధారణంగా దారి మారుస్తారు. కొత్త మందుల కోసం హెర్2 (కణాలను పెరగమని పురిగొల్పే ప్రోటీన్), ఎంఎంఆర్ (కణం తన డీఎన్ఏలో తప్పులు దిద్దుకునే ఏర్పాటు) పరీక్షలు అడుగు. సీరస్ రకంలో హెర్2 ఎక్కువగా ఉంటే ఇదే కీమోకు దాన్ని అడ్డుకునే మందు ట్రాస్టుజుమాబ్ కలుపుతారు. 2018లో వెలువడిన ప్రయోగ ఫలితాల్లో అలా కలిపినవారికి జబ్బు ఎక్కువ కాలం అదుపులో ఉంది. అయితే ముందు గుండెకు ఎకో తీయాలి. ఎంఎంఆర్ లోపం ఉంటే ఇమ్యూనోథెరపీ (ఒంటి రోగనిరోధక శక్తినే క్యాన్సర్ మీదకు మళ్ళించే వైద్యం) బాగా పనిచేసే అవకాశం ఉంది. లేకపోయినా తర్వాత లెన్వాటినిబ్‌, పెంబ్రొలిజుమాబ్ అనే రెండు మందులు కలిపి ఇచ్చే దారి ఉంది. ఆపరేషన్‌లో తీసిన ముక్కను మైనం దిమ్మల్లో దాస్తారు, పరీక్షలు దాని మీదే చేయవచ్చు.

ఆంకాలజీ నర్సు:
కార్బోప్లాటిన్ మళ్ళీ ఇచ్చేటప్పుడు అలర్జీ అవకాశం పెరుగుతుంది. దురద, ఒళ్ళు ఎర్రబడటం, ఆయాసం కనిపిస్తే ఆ క్షణమే సిస్టరును పిలవండి. కాళ్ళ తిమ్మిరి ఉంటే శుక్రవారం లోపే డాక్టరుకు చెప్పండి, పాక్లిటాక్సెల్ మోతాదు తగ్గించవచ్చు, మందే మార్చవచ్చు.

పెద్దకూతురు:
అరికాళ్ళ తిమ్మిరి ఇంకా ఉంది, చెప్పాను. దిమ్మలు పరీక్షకు పంపుతున్నారు. ధన్యవాదాలు అన్నయ్యా, సిస్టర్ గారూ.

గుంటూరు పిన్ని:
పోర్టు సంగతి ఏమన్నారమ్మా?