చలిలో చెకుముకి తుపాకీ: గ్లౌజులా, వట్టి చేతులా?

హన్మకొండ_పోరడు: ఉండేది పెన్సిల్వేనియాలో. ఇక్కడ క్రిస్మస్ తర్వాత జింకల వేటకు ఫ్లింట్‌లాక్ సీజన్ ఉంటుంది, అంటే చెకుముకి రాయి నిప్పురవ్వతో పేలే పాతకాలపు తుపాకీ. మంచులో నిలబడితే వేళ్లు కొంకర్లు పోతున్నాయి. గ్లౌజు వేస్తే ట్రిగ్గర్ తెలియదు, తీస్తే వేలే తెలియదు. ఏం చేయమంటారు?

ఆదిలాబాద్_చలి: వట్టి చేయే అన్నా. నేను ఎయిర్ రైఫిల్ కొడతా, మా దగ్గర డిసెంబర్ పొద్దున పది డిగ్రీల లోపుకు పడిపోతుంది, అయినా ట్రిగ్గర్ చేతికి ఏదీ వేయను. ఎడమ చేతికి మందపాటి గ్లౌజు వేస్తాం కానీ అది తుపాకీని ఆనించుకోవడానికి, చలికి కాదు.

కాజీపేట_జంక్షన్: తమ్మీ, ఎయిర్ రైఫిల్ లెక్క వేరు, పెల్లెట్ పెట్టి మూస్తే అయిపోయింది. ఇక్కడ గొట్టం మూతిలోంచి తుపాకీ మందు పోయాలి, గుడ్డముక్కలో గుండు పెట్టి కడ్డీతో అడుగుదాకా దించాలి, మళ్లీ పక్కనున్న చిన్న పళ్లెంలో చిటికెడు మందు వేయాలి. అసలు చలి దెబ్బ తగిలేది దట్టించేటప్పుడే, మీరేమో ట్రిగ్గర్ గురించి కొట్టుకుంటున్నారు. మిషిగన్‌లో ఉన్నప్పుడు నేను మందు ఇంట్లోనే కొలిచి చిన్న గొట్టాల్లో పోసుకునేవాణ్ని, సన్నని ఉన్ని గ్లౌజుతోనే పని అయిపోయేది. నైలాన్‌వి వద్దు, నిప్పురవ్వ పడితే కరిగి చర్మానికి అంటుకుంటాయి.

భూపాలపల్లి_రవ్వ: చేతులు వెచ్చబెట్టుకునే హ్యాండ్ వార్మర్ పొట్లాలు ఉంటాయి కదా, అవి జేబులో మందు పక్కన పెడితే అంటుకోదా? నాకైతే టెన్షన్.

కాజీపేట_జంక్షన్: అందులో ఉండేది ఇనుప పొడి, గాలి తగిలితే వేడెక్కుతుంది, మంట రాదు. మందు అంటుకునే వేడికి అది ఆమడదూరం. అయినా వేరే జేబులో పెట్టుకుంటే పోయేదేముంది. భయపడాల్సింది చలిమంటకు, సిగరెట్‌కు.

ఆదిలాబాద్_చలి: సరే, దట్టించేటప్పుడు గ్లౌజు ఒప్పుకుంటా. కానీ కొన్ని పాత తుపాకుల్లో రెండు ట్రిగ్గర్లు ఉంటాయి కదా, ఒకటి నొక్కితే రెండోది చాలా తేలికైపోతుంది. దాని మీద ఉన్ని గ్లౌజు పెడితే నువ్వు అనుకోకముందే పేలుతుంది.

కాజీపేట_జంక్షన్: మొద్దుబారిన వట్టి వేలు పెట్టినా అంతే కదా! అందుకే గురి పెట్టేదాకా చెయ్యి నడుముకు కట్టుకునే ఉన్ని సంచిలో ఉండాలి, ట్రిగ్గర్ దగ్గరికి వచ్చేటప్పుడే బయటికి తీయాలి. ఒంటి మీద స్వెట్టర్, నెత్తికి టోపీ సరిగా లేకపోతే ఆ సంచీ దండగే, ఒళ్లు చల్లబడితే శరీరం ముందు వేళ్లకే రక్తం తగ్గిస్తుంది.

హన్మకొండ_పోరడు: నాది రెండు ట్రిగ్గర్లదే. సంచి కొంటున్నా, మందు గొట్టాలు ఈ రాత్రే నింపుతా.

భూపాలపల్లి_రవ్వ: ఇది చదివి ఇక్కడ ఎవరూ అడవిలోకి పోకండి. మన దగ్గర ఇలాంటి తుపాకీకి కూడా 1959 ఆయుధాల చట్టం కింద లైసెన్స్ కావాలి, జింకను కొడితే కేసు వేరే.