కనీస ధర, పన్ను పెంపు: 99 క్వార్టర్ మీద ఏది ఎలా పడుతుంది?

ఎంవీపీ_వాసి:
మద్యానికి కనీస ధర పెట్టాలని కొందరు, పన్ను పెంచితే చాలని కొందరు. విశాఖలో ఎవరు మాట్లాడినా రెంటినీ ఒకే గాటన కట్టేస్తున్నారు. చివరికి సీసా ఖరీదు పెరగడమే కదా, తేడా ఎక్కడ? సీసాలో ఉన్న ఆల్కహాల్‌ని బట్టి కనీస ధర పెట్టే స్కాట్లండ్ పద్ధతి మనకి పనికొస్తుందా? 99 రూపాయల క్వార్టర్‌నీ బీరునీ పక్కపక్కన పెట్టి చెప్పండి. తాగుడు మంచిదా చెడ్డదా అనే ఉపన్యాసం వద్దు గురూ, అంకెలు కావాలి.

డాబాగార్డెన్స్_లెక్కలు:
సీసా ధర తర్వాత. ముందు లోపల అసలు ఆల్కహాల్ ఎంతుందో చూడాలి. క్వార్టర్ 180 మి.లీ., లేబుల్ మీద 42.8 శాతం, అంటే 77 మి.లీ. ఆల్కహాల్. మన దేశంలో ఒక స్టాండర్డ్ డ్రింక్ అంటే 12.7 మి.లీ., బరువులో 10 గ్రాములు. ఆ లెక్కన క్వార్టర్‌లో ఆరు డ్రింకులు. 99 రూపాయలకి కొంటే డ్రింకు 16 రూపాయల చిల్లర.

650 మి.లీ. స్ట్రాంగ్ బీరు 7 శాతం అనుకోండి: 45.5 మి.లీ., మూడున్నర డ్రింకులు. సీసా 200 అయితే డ్రింకు 56 పడుతుంది. మత్తు లెక్కన చూస్తే బీరు ఖరీదు మూడు రెట్లకి పైమాటే. "బీరు చవక" అనేవాళ్లు సీసాలు లెక్కపెడుతున్నారు తప్ప ఆల్కహాల్ కాదు.

ఇప్పుడు డ్రింకుకి 25 రూపాయల కనీస ధర పెట్టారనుకుందాం. క్వార్టర్‌ని 152 కంటే తక్కువకి అమ్మకూడదు. బీరుకి వచ్చే కనీస ధర 90, అది ఎప్పుడో దాటేసింది. 300 రూపాయల విస్కీ క్వార్టర్‌కీ చీమ కుట్టినట్టైనా ఉండదు. దెబ్బంతా అట్టడుగు ధర సరుకు మీదే.

పన్ను సంగతి అది ఏ రకం పన్ను అన్నదాన్ని బట్టి ఉంటుంది. శాతం లెక్కన 10 శాతం వేస్తే 99 సీసా మీద పది, 300 సీసా మీద ముప్ఫై. రెంటి మధ్య తేడా 201 నుంచి 221కి పెరుగుతుంది. తాగేవాడు మానడు, ఒక మెట్టు కిందికి దిగి చవక బ్రాండ్ పట్టుకుంటాడు. అదే ప్రూఫ్ లీటరు లెక్కన, అంటే 57.1 శాతం ఆల్కహాల్ ఉన్న లీటరు సరుకుని కొలతగా పెట్టుకుని వేస్తే కథ మారుతుంది. 42.8 శాతం అంటే డిపో భాషలో 25 అండర్ ప్రూఫ్, ఆ కొలత కంటే 25 శాతం తక్కువ. కేసుకి 48 క్వార్టర్లు, 8.64 లీటర్లు, 0.75తో గుణిస్తే 6.48 ప్రూఫ్ లీటర్లు. ప్రూఫ్ లీటరుకి 100 పెంచితే కేసుకి 648, క్వార్టర్‌కి 13.50. ఇది 99 సీసా మీద దాదాపు 14 శాతం, 300 సీసా మీద నాలుగున్నర. దాని పైన శాతం లెక్కన పడే వ్యాట్, మార్జిన్ కలిస్తే ఎమ్మార్పీలో ఇంకాస్త ఎక్కువే తేలుతుంది.

భీమిలి_రోడ్డు:
లెక్క సరిగ్గా ఉంది. ఆ పెరిగిన డబ్బు ఎవరి గల్లాలో పడుతుందో కూడా చూడాలి. స్కాట్లండ్ 2018 మే 1 నుంచి యూనిట్‌కి 50 పెన్నీల కనీస ధర పెట్టింది, 2024 సెప్టెంబరు 30 నుంచి 65 చేసింది. అక్కడి యూనిట్ 10 మి.లీ. ఆల్కహాల్, మన డ్రింకు కంటే చిన్నది, పోల్చేటప్పుడు కలగలిపేయకండి. 7.5 శాతం సైడర్ (ఆపిల్ రసంతో చేసే మద్యం) మూడు లీటర్ల సీసాలో 22.5 యూనిట్లు, కాబట్టి 50 పెన్నీల రోజుల్లోనే 11.25 పౌండ్ల కంటే తక్కువకి అమ్మడానికి లేదు. ఆల్కహాల్ వల్లే సంభవించే మరణాలు 13.4 శాతం తగ్గాయని 2023లో వాళ్ల ప్రజారోగ్య సంస్థ మదింపు వేసింది. కానీ అది పన్ను కాదు, అదనపు సొమ్ము దుకాణదారులకీ తయారీదారులకీ పోయింది. పైగా వ్యసనంలో కూరుకుపోయినవాళ్లు పెద్దగా తగ్గించలేదు, కొందరు తిండి ఖర్చు కోసుకున్నారు.

మన దగ్గర హోల్‌సేల్ అంతా ప్రభుత్వ బెవరేజెస్ కార్పొరేషన్ చేతిలో ఉంది, ఎమ్మార్పీ కూడా ప్రభుత్వమే ఖరారు చేస్తుంది. మద్యం జీఎస్టీలో లేదు కాబట్టి ఢిల్లీ వైపు చూడక్కర్లేదు. లైసెన్సుదారుడి జేబు నింపే కనీస ధర మనకెందుకు? ప్రూఫ్ లీటరు పన్నుతో అదే ధర తెప్పించి, డబ్బు ఖజానాకి మళ్లించవచ్చు.

ఎంవీపీ_వాసి:
మరి ఇన్నాళ్లూ ఎందుకు చెయ్యలేదు?

పూర్ణామార్కెట్_సెంటర్:
చేసి చూశారు, పన్ను రూపంలో. 2020 మే 4న 25 శాతం, మర్నాడు ఇంకో 50, మొత్తం 75 శాతం పెంచారు. తర్వాత ఏమైంది? పక్క రాష్ట్రాల సీసాలు, నాటుసారా. విశాఖకి ఒకపక్క ఒడిశా సరిహద్దు, కాకినాడ దాటితే పుదుచ్చేరి పన్నులుండే యానాం. నాటుసారాకి కావలసిందల్లా నల్లబెల్లం, పటిక, ఓ డ్రమ్ము. బెల్లానికి అనకాపల్లి ఎంత దూరం? 2021 డిసెంబరులో పన్ను తగ్గించి ధరలు దించక తప్పలేదు. 2024 అక్టోబరు కొత్త విధానంలో 99 క్వార్టర్ తెచ్చింది కూడా నాటుసారా వైపు పోకుండా ఆపుతామనే. 2025 ఫిబ్రవరిలో సీసాకి 10 రూపాయలు పెంచినప్పుడు ఆ 99నీ బీరునీ వదిలేశారు. కనీస ధరకి ఇది సరిగ్గా తిరగేసిన పద్ధతి: అడుగు సరుకు కదలలేదు, పైది కదిలింది.

కాబట్టి ఒకేసారి 99ని 152 చేస్తే ఆ 53 రూపాయల సందులో సారా డబ్బా దూరుతుంది. ప్రూఫ్ లీటరుకి ఏటా వందో నూటయాభయ్యో చొప్పున పెంచుకుంటూ పోవాలి. చెక్‌పోస్టులు, బెల్టుషాపుల మీద దాడులు దానికంటే ముందే మొదలవ్వాలి. బెల్టుషాపువాడు ఇప్పటికే ఎమ్మార్పీ మీద ఇరవయ్యో ముప్ఫయ్యో లాగుతున్నాడు. ఊళ్లో 99 సీసా అసలు ధర ఎంతో ముందు అది కనుక్కుని లెక్క మొదలెట్టండి.