టీవీ పాటల పోటీల్లో నిజంగా పాడుతుండారా, పెదవులు ఆడిస్తుండారా?

మూలాపేట కుర్రోడు:
మొన్న ఒక పాటల పోటీలో పిల్ల చరణం మధ్యలో మైకుని మూరెడు దూరం జరిపింది. గొంతు మాత్రం ఇసుమంత తగ్గలా. ముందే రికార్డు చేసిన పాటకి నోరు ఆడిస్తుండారని నా వాదన. కాదనేవాళ్లు చెప్పండబ్బా.

ఒంగోలు కీబోర్డు:
మైకు దూరం ఒక్కటే చూసి తేల్చలేం తమ్ముడూ. కంప్రెసర్ అని సౌండుని సర్దే పరికరం పెడితే గొంతులో ఎక్కువ తక్కువలు చాలావరకు సమానమైపోతాయి. కాకపోతే అంత దూరమంటే గొంతు పలచబడి హాలు మోత కలవాలి. అదీ లేకపోతే అనుమానించు. నేను తిరునాళ్లలో, పెళ్లిళ్లలో వాయిస్తుంటా. గెంతుతా పాడే గుంపు పాటలకి ముందే రికార్డు చేసిన ట్రాకు పెట్టడం మామూలే, మేమూ పెడతాం. పోటీ పాట సంగతి వేరు, అసలు తిరకాసు పాడిన తర్వాతే. రికార్డింగు ఒకరోజు, ప్రసారం ఇంకోరోజు. మధ్యలో మిక్సింగు. 1997లో ఆటోట్యూన్ అనే శ్రుతి దిద్దే సాఫ్ట్‌వేర్ వచ్చాక, జారిన స్వరాన్ని పట్టుకొచ్చి దాని చోట కూర్చోబెట్టడం చిటికెలో పని. బ్రిటన్‌లో 2010లో 'ఎక్స్ ఫ్యాక్టర్' అనే టీవీ పాటల పోటీ ఆడిషన్లలో జనం దీన్నే పసిగట్టి గొడవ చేస్తే, ఇక వాడొద్దని ఆ షో పెద్ద సైమన్ కోవెల్ చెప్పాల్సొచ్చింది.

కావలి బస్టాండు:
అయితే ఏంది? సినిమా పాటని ముక్కలు ముక్కలుగా పాడించి అతకడంలా? దాన్ని మోసమంటామా?

ఒంగోలు కీబోర్డు:
సినిమా పాటకి ఓట్లు లేవు కదయ్యా. ఇక్కడ జడ్జీలు విన్న గొంతొకటి, ఇంట్లో ఫోను పట్టుకొని ఓటేసేవాడు విన్నదొకటి.

కందుకూరు అమ్మ:
మా పాప ఒక పోటీకి పోయింది. మైకు మొరాయిస్తే రెండో చరణం మళ్లీ పాడించారు. అది న్యాయమే, బిడ్డ తప్పు కాదుగా. మాట మర్చిపోయినోళ్లకి కూడా రెండోసారి ఇచ్చారే, అదే నాకు మింగుడు పడలా. పెదవులు ఆడించడం మాత్రం నేను చూడలేదు బాబూ, పిల్లలు గొంతు బొంగురుపోయేదాకా పాడారు.

మూలాపేట కుర్రోడు:
అక్కా, 1996లో 'పాడుతా తీయగా' మొదలైనప్పుడు మన నెల్లూరు బాలుగారు శ్రుతి ఎక్కడ జారిందో, ఒత్తు ఎక్కడ పలకలేదో విడమర్చి చెప్పేవారు. ఆ జారుడు మన చెవికీ తెలిసేది. ఇప్పుడు జడ్జి 'పైస్థాయిలో శ్రుతి తగ్గింది' అంటాడు, మనకేమో శుభ్రంగా వినపడతది. జడ్జిది చెవుడా, మనదా?

ఒంగోలు కీబోర్డు:
అదీ పాయింటు! మైకు దూరం కన్నా గట్టి ఆధారం అదే. జడ్జి మాట ఉంచి, పాటలో తప్పు తుడిచేస్తే అట్టాగే ఉంటది. దిద్దిన పాట కింద 'గొంతు సరిచేశాం' అని ఒక ముక్క వేస్తే నాకు పేచీ లేదు.

కావలి బస్టాండు:
అట్టా అయితే ప్రతి పాట కిందా వేయాల్సొస్తదన్నా.

మూలాపేట కుర్రోడు:
వేయనీ.