‘ఊరూ పేరూ లేనివాడు’ హీరో ఎలా అవుతాడు?

గ్రూపులో అందరికీ నమస్కారం. ఒక్క మాట దగ్గర నాలుగు రోజులుగా ఆగిపోయాను, సాయం చేయండి.

మా ఫిల్మ్ సొసైటీలో వచ్చే నెల ఇటాలియన్ దర్శకుడు సెర్జియో లియోనే కౌబాయ్ సినిమాలు మూడూ వరసగా వేస్తున్నాం. 1964లో ‘ఎ ఫిస్ట్‌ఫుల్ ఆఫ్ డాలర్స్’, 1965లో ‘ఫర్ ఎ ఫ్యూ డాలర్స్ మోర్’, 1966లో ‘ది గుడ్, ద బ్యాడ్ అండ్ ది అగ్లీ’. తెలుగులో ఒక పేజీ పరిచయం రాసే పని నా మీద పడింది. భుజాల మీద పొంచో అనే కంబళి, నోట్లో సగం కాలిన చుట్ట, ఎండకు చికిలించిన కళ్లు. క్లింట్ ఈస్ట్‌వుడ్ వేసిన ఆ పాత్రను లోకమంతా ‘మ్యాన్ విత్ నో నేమ్’ అంటుంది. దాన్ని తెలుగులో ఏమనాలి?

మొదట ‘ఊరూ పేరూ లేనివాడు’ అని రాశాను. మా ఆవిడ చదివి, “ఏదో పెళ్లి సంబంధం చెడగొట్టడానికి రాసినట్టుంది” అంది. నిజమే. ఊరూ పేరూ లేని కంపెనీలో డబ్బు పెట్టం, ఊరూ పేరూ లేనివాడికి పిల్లనివ్వం. ‘అనామకుడు’ అని మార్చి చూశాను. ఎన్నికల్లో డిపాజిట్ పోగొట్టుకున్న అభ్యర్థి కళ్లముందు కదిలాడు. ‘అజ్ఞాత వీరుడు’ ఇంకా ఘోరం. మన బ్లాగుల కాలంలో పేరు పెట్టకుండా తిట్టిపోయే ‘అజ్ఞాత’ అన్నా గుర్తొస్తాడు, అజ్ఞాతంలోకి వెళ్లిన దళ సభ్యుడన్నా గుర్తొస్తాడు.

ఇంగ్లీషులో పేరు లేకపోవడమే అతని బలం. అదే తెలుగులో చెబితే లోటులా వినిపిస్తోంది. మాట దొరకడం లేదా, లేక మన భాషకే ఆ ఊహ పడదా?

విజయవాడ నుంచి:

మాస్టారూ, ముందు ఒక చిన్న సవరణ. అతనికి పేర్లు లేకేం, మూడున్నాయి. మొదటి సినిమాలో శవపేటికలు చేసే ముసలాయన ‘జో’ అంటాడు. రెండోదాంట్లో ‘మాంకో’. మూడోదాంట్లో అతనితో జతకట్టే బందిపోటు టూకో నోట ‘బ్లాండీ’. ఈ ‘పేరులేని మనిషి’ అన్నది లియోనే రాసుకున్నది కాదు. మూడు సినిమాలూ 1967లో అమెరికాలో విడుదలైనప్పుడు, అక్కడి పంపిణీదారులు యునైటెడ్ ఆర్టిస్ట్స్ వాళ్లు పబ్లిసిటీ కోసం అంటించిన బిరుదు. మనవాళ్లు హీరో పేరుకు ముందు తగిలించే స్టార్ బిరుదు లాంటిదే అనుకోండి. కాబట్టి మీరు అనువదిస్తున్నది పాత్రని కాదు, పోస్టర్‌ని.

‘మాంకో’ కూడా పేరేం కాదు. స్పానిష్‌లో ఒంటిచేతివాడని అర్థం. కుడిచెయ్యి పొంచో కింద తుపాకీ మీద ఉంచి, మిగతా పనులన్నీ ఎడమచేత్తో చేస్తాడు కదా, అందుకని. మా వైపైతే ‘పుర్రచెయ్యోడు’ అనేసేవాళ్లు.

కరీంనగర్ నుంచి:

అన్నా, బ్లాండీ సంగతేంది మరి? బంగారు రంగు జుట్టువాడు అని అర్థం. మన దగ్గర పొట్టోడు, నల్లోడు, బక్కోడు అని పిలుచుకున్నట్టే టూకో పిలుస్తడు. ఆ లెక్కన ‘ఎర్రోడు’ సరిపోవాలె. కానీ మా దగ్గర వెర్రోడిని కూడా ‘ఎర్రోడు’ అనే అంటరు. ‘వ’ ఎగిరిపోతది. సినిమా మొత్తంల అందరికన్నా తెలివిగలోడిని పట్టుకుని ‘ఎర్రోడా’ అంటే థియేటర్ నవ్వుతది. ‘తెల్లోడు’ అందామంటే దొర అయిపోతడు. ‘బంగారి’ అంటే ముద్దుపేరు. బ్లాండీని బ్లాండీగానే ఉంచండి, నా మాట విని.

తెనాలి నుంచి, తెలుగు పండిట్‌గా పనిచేసి రిటైరైన ఒకామె:

నాయనా, ‘అనామకుడు’ని అంత తేలిగ్గా తీసెయ్యకండి. ఆ మాట ఆడరూపం ‘అనామిక’ అంటే ఉంగరపు వేలు. చిటికెన వేలుకి, నడిమి వేలుకి, చూపుడు వేలుకి, బొటన వేలుకి పేర్లున్నాయి, దీనికి మాత్రం ‘పేరులేనిది’ అనే పేరు. అయినా బంగారం తొడిగేది దానికే.

పాత చాటు శ్లోకం ఒకటి ఉంది. పూర్వం కవుల్ని వేళ్ల మీద లెక్కపెడుతూ చిటికెన వేలి దగ్గర కాళిదాసు పేరు చెప్పారట. తర్వాతి వేలికి ఆయనతో సమానమైన కవి దొరకలేదు. ‘అనామికా సార్థవతీ బభూవ’, పేరులేనిదన్న పేరు దానికి సార్థకమైంది అంటాడు. పేరు లేకపోవడంలో ఎంత గౌరవం ఉందో చూడండి. అయితే ఆ గౌరవం సంస్కృతంలోనే ఆగిపోయింది, తెలుగు వాడుకలో ‘అనామకుడు’ దిగజారిపోయాడు. మీ ఆవిడ చెవి సరైనదే.

ఇంకో మాట. ఆ మూడో సినిమా పేరులో ‘అగ్లీ’కి చక్కని తెలుగుంది, ‘అనాకారి’. ఇటాలియన్ పేరులో వరస మంచివాడు, అనాకారి, చెడ్డవాడు అని ఉంటుందని మా అబ్బాయి చెప్పాడు. ఇంగ్లీషులో చివరి రెండూ తారుమారు చేశారట.

హిందూపురం నుంచి:

అసలు కథ జపాన్ నుంచి వచ్చింది కదా. లియోనే మొదటి సినిమాకి మూలం అక్కడి దర్శకుడు కురొసావా తీసిన ‘యోజింబో’, 1961. అందులో సమురాయ్‌ని పేరేంటని అడుగుతారు. అతను కిటికీలోంచి బయటికి చూస్తాడు. మల్బరీ తోట కనిపిస్తుంది. ‘కువాబతాకె సంజూరో’ అంటాడు. మొదటి మాటకి మల్బరీ తోట, రెండోదానికి ముప్పై ఏళ్లవాడు అని అర్థం. ఆ వెంటనే, త్వరలో నలభై వస్తుందనుకోండి అంటాడు. అప్పటికప్పుడు పుట్టించిన పేరు!

మా ఊరి చుట్టూ పట్టుపురుగుల కోసం మల్బరీ వేస్తారు కాబట్టి ఈ సీను నాకు భలే ఇష్టం. తెలుగులో ఇది నల్లేరు మీద నడక. మన ఇంటిపేర్లు సగం చెట్లూ, చేలూ, ఊళ్లే. ‘తోట ముప్పయ్య’ అంటే ఎవడూ అనుమానించడు, ఆధార్ కార్డు కూడా ఇచ్చేస్తారు.

మొదట అడిగినవారు:

తోట ముప్పయ్యకి పడి పడి నవ్వాను. కానీ చిక్కు ఇక్కడే ఉందనిపిస్తోంది. కురొసావా హీరో పేరు అడిగితే ఏదో ఒకటి చెప్పాడు. మన దగ్గర అది కూడా చాలదు. “ఎవరబ్బాయివి, ఏ ఊరు, ఇంటిపేరేంటి” అని మూడు ప్రశ్నలు వరసగా వస్తాయి. ‘షేన్’ (1953) సినిమాలో అలన్ లాడ్ తనను షేన్ అని పిలవమంటాడు, అంతే, ఆ కుటుంబం తిరిగి ఏమీ అడక్కుండా అన్నం పెడుతుంది. అదే మా నాయనమ్మ అయితే అన్నం పెడుతూనే గోత్రం దాకా లాగేది.

గుంటూరు నుంచి:

అండీ, అసలు కారణం మన సవాళ్లలో ఉంది. తెలుగు హీరో ఏమని తొడకొడతాడు? “ఈ పని చెయ్యకపోతే నా పేరు ఫలానా కాదు.” లేదా “పేరు మార్చుకుంటా.” పందెంలో ఒడ్డేదే పేరు. పేరు లేనివాడు ఏం ఒడ్డుతాడు? రెండో పందెం మీసం. ఈస్ట్‌వుడ్‌కి అదీ లేదు, మాసిన గడ్డమే.

1971లో కృష్ణ ‘మోసగాళ్లకు మోసగాడు’ వచ్చినప్పుడు రచయిత ఆరుద్ర ఈ లియోనే సరుకునే తెలుగులోకి దించారు. పేరులేని హీరో జోలికి మాత్రం పోలేదు, హీరోకి కృష్ణప్రసాద్ అని మర్యాదైన పేరు పెట్టారు. టూకో లాంటి నాగభూషణం పాత్రకి ‘నక్కజిత్తుల నాగన్న’. ఆ పేరు వింటే చాలు, మనిషి కళ్లకి కడతాడు. సినిమా పేరు చూడండి: రాజులకు రాజు, దొంగలకు దొంగ అన్న పద్ధతిలో ‘కు’ ఒక్కటి వేసి పని కానిచ్చారు. పోస్టర్‌ని అనువదించకుండా తెలుగు పోస్టర్ కొత్తగా రాశారన్నమాట.

డాలస్ నుంచి:

ఇక్కడి పాత టీవీ సీరియల్ ఒకటి చెప్పకుండా ఉండలేను. ‘హావ్ గన్, విల్ ట్రావెల్’, 1957 నుంచి 1963 దాకా వచ్చింది. హీరో పాలడిన్. అదొక్కటే పేరు, ముందూ వెనకా ఏమీ లేదు. చేతిలో విజిటింగ్ కార్డు, దాని మీద చదరంగం గుర్రం బొమ్మ, సీరియల్ పేరు, టెలిగ్రాం ఇవ్వడానికి ఊరు శాన్‌ఫ్రాన్సిస్కో. ఇది తెలుగులో ఎలా ఉంటుందా అని ఆలోచిస్తే మన బోర్డుల భాష గుర్తొచ్చింది: “తుపాకి గలదు. పిలిచిన చోటికి వచ్చును.” టైలర్ షాపు, సైకిల్ షాపు పక్కన ఈ బోర్డు కూడా పెట్టేయొచ్చు!

ఇంకొకటి, వ్యాకరణం సమస్య. లియోనే నిర్మాణంలో పాలుపంచుకున్న ‘మై నేమ్ ఈజ్ నోబడీ’ (1973) ఉంది. ఆ చమత్కారం గ్రీకు కవి హోమర్ నాటిది. ఒంటికన్ను రాక్షసుడికి ఆయన కథానాయకుడు ఒడిస్యూస్ తన పేరు ‘ఎవడూ కాదు’ అని చెబుతాడు. ఒడిస్యూస్ ఆ కన్ను పొడిచాక రాక్షసుడు ‘నోబడీ నన్ను చంపుతున్నాడు’ అని అరిస్తే ఎవరూ సాయానికి రారు. తెలుగులో ఇది కుదరదు. ‘ఎవడూ’ అన్నాక క్రియ వ్యతిరేకార్థంలోనే రావాలి, ‘ఎవడూ చంపుతున్నాడు’ అంటే వాక్యం విరిగిపోతుంది. ‘ఎవడో చంపుతున్నాడు’ అంటే ఊరంతా కర్రలు పట్టుకొచ్చేస్తుంది.

కరీంనగర్ నుంచి మళ్లీ:

డాలస్ అన్నా, కుదురుతది. పేరు ‘ఎవడూలేడు’ అని పెట్టండి. బయటినుంచి “లోపల ఎవడున్నడురా?” అని అడుగుతరు. రాక్షసుడు “ఎవడూలేడు! ఎవడూలేడు!” అని మొత్తుకుంటడు. అందరు ఇండ్లకు పోయి పండుకుంటరు.

డాలస్ నుంచి:

దండం సామీ.

తెనాలి నుంచి:

ఇదంతా చదివాక నాకు తట్టింది చెబుతున్నాను. ‘పేరు లేనివాడు’లో చెడింది ‘పేరు’ కాదు, ‘లేని’. మన దగ్గర లేనివాడంటే బీదవాడు కదా. పోనీ ‘పేరు చెప్పనివాడు’ అందామంటే పోలీస్ స్టేషన్లో బెంచీ మీద కూర్చున్నట్టుంది. ‘పేరుతో పనిలేనివాడు’ అని చూడండి. ఇందులోనూ ‘లేని’ ఉంది, కానీ అది పనికి తగిలింది, మనిషికి కాదు.

గుంటూరు నుంచి:

టీచర్ గారూ, భేష్. ఇంకో లాభం కూడా ఉంది. తెలుగులో పేరంటే కీర్తి కూడా కదా, ‘పేరు తెచ్చుకో’ అంటాం. అతనికి ఆ పేరుతోనూ పనిలేదు. కావలసింది డాలర్లు.

మొదట అడిగినవారు:

అమ్మా, అదే ఖాయం చేశాను. మా ఆవిడ కూడా ఒప్పుకుంది. “ఇతనికైతే పిల్లనివ్వరు గానీ, ఒకసారి చూసి రమ్మంటారు” అంది.

ఇక మిగిలింది ఆఖరి సీను. టూకో చేతులు కట్టేసి ఉన్నాయి, పక్కనే బంగారం, గుర్రం మీద బ్లాండీ దూరమైపోతున్నాడు. వెనకనుంచి టూకో అరుస్తాడు, “ఒరేయ్ బ్లాండీ! నువ్వెవడివో తెలుసా?” అని. ఆ తర్వాతి బూతు మొదలవుతూనే ఎన్నియో మోరికోనే సంగీతంలోని కూత వచ్చి దాన్ని మింగేస్తుంది. దానికి నేను తెలుగు వెతకనక్కర్లేదు.