గ్రామర్‌లో మార్కులొస్తాయి, నోరు మాత్రం పెగలదు. వైజాగ్‌లో మీరెలా ప్రాక్టీస్ చేశారు?

గాజువాక_బీకామ్:
అందరికీ నమస్తే. బీకామ్ ఫైనలియర్, మాది గాజువాక. పదో తరగతి దాకా తెలుగు మీడియం. డిగ్రీలో ఇంగ్లీష్ పేపర్లు అన్నీ ఒక్కసారికే పాసైపోయాను, యాక్టివ్ వాయిస్ పాసివ్ వాయిస్ నిద్రలో లేపి అడిగినా మార్చీగలను, మాట్లాడమంటేనే గొంతుకి ఏదో అడ్డం పడిపోతుంది. మొన్న క్యాంపస్ ఇంటర్వ్యూలో హెచ్‌ఆర్ సారు నా ఫైలు తిరగేసి "డిడింట్ యూ బ్రింగ్ యువర్ మార్క్స్ మెమో?" అన్నారు. నేను "యస్ సర్" అన్నాను. అంటే అవును సార్, తేలేదు అని నా ఉద్దేశం. ఆయన చెయ్యి చాపారు. నేను ఆ చెయ్యి వైపు చూస్తన్నాను, ఆయన నా వైపు చూస్తన్నారు. పక్కనున్న మేడమ్ "సో వేర్ ఈజ్ ఇట్?" అంటే కంగార్లో మళ్లీ యస్ మేడమ్ అనీసాను. రిజల్ట్ ఏటో వేరే చెప్పక్కర్లేదు.

రెండో బాధ రీడింగు. హిందూ ఎడిటోరియల్ రోజూ చదవమన్నారు ఎవరో. ప్రతి మాట మీదా పెన్సిల్‌తో తెలుగు రాసుకుంటూ వెళ్తే ఒక్కోదానికి గంట పడుతోంది, కిందకొచ్చేసరికి పైన ఏం చదివానో గుర్తుండట్లేదు. అసలు కాలేజీ లెవెల్ ఇంగ్లీష్ అంటే ఎంత, ఎక్కడ మొదలెట్టాలి? కోచింగ్‌కి డబ్బుల్లేవు, అది మాత్రం చెప్పకండి ప్లీజ్.

రుషికొండ_నైట్‌షిఫ్ట్:
చెల్లీ, నవ్వాగలేదు, సారీ, కానీ ఈ యస్ దెబ్బ నేనూ తిన్నాను. కాల్ సెంటర్లో చేరిన మొదటి నెల ఒకావిడ "సో యూ కాంట్ సీ మై ఆర్డర్?" అంది. యస్ మేడమ్ అన్నా. "ఓ, గుడ్!" అని ఊపిరి పీల్చుకుంది పాపం. తర్వాత పది నిమిషాలు ఆవిడతో చీవాట్లు.

విషయం ఏటంటే, తెలుగులో మనం ఎదుటివాడి మాటకి అవును కాదు అంటాం. తేలేదా అంటే అవును, అంటే నువ్వు అన్నది నిజమే అని. ఇంగ్లీష్‌లో వాడెలా అడిగాడన్నది లెక్కలోకే రాదు, పని జరిగితే యస్, జరక్కపోతే నో. మెమో తెచ్చావా అన్నా నో, తేలేదా అన్నా నో. ఇది చదివితే రాదు, నోటికి అలవాటవ్వాలి. మా రూమ్మేటు, నేను రాత్రి అన్నం తింటూ ఒకళ్లనొకళ్లు కావాలని ఇలాగే అడిగేవాళ్లం, డిడింట్ యూ ఈట్, హావింట్ యూ పెయిడ్ ద రెంట్, అలా రోజుకి పది. వారం తిరిగేసరికి నో ఐ హావింట్ దానంతటదే వచ్చీసేది. రెంట్ మాత్రం ఇద్దరం లేటుగానే కట్టేవాళ్లం.

ఇంకోటి, మాట చివర ఉకారం తగిలించకు. బస్సు, కారు అని తెలుగులో అంటాం కదా, అదే అలవాటున ఇంగ్లీష్‌లో కూడా "ద బస్సు ఈజు లేటు" అయిపోద్ది. నొక్కు కూడా చూసుకో. ఫొటోగ్రాఫ్‌లో మొదటి ముక్క నొక్కాలి, ఫొటోగ్రఫీలో రెండోది. మనం అన్నీ ఒకే బరువుతో లాగించీస్తాం, అవతలోడికి సగం అర్థం కాదు.

కంచరపాలెం_శీను:
గ్రామర్ పుస్తకం అటకెక్కించీ చెల్లీ. నేను ఒక ఇన్‌స్టిట్యూట్‌లో 6 వేలు కట్టాను, పేరెందుకులే. ముప్పై రోజుల్లో ఫ్లూయెన్సీ అన్నారు. రోజూ జామ్ సెషన్ పెట్టి ఒక్క నిమిషం మాట్లాడమనేవారు, టాపిక్కులు ఇరవై, ఇరవైకీ జెరాక్స్ కాగితాలు వాళ్లే ఇచ్చీసి బట్టీ పట్టమన్నారు. పొల్యూషన్ మీద ఇప్పటికీ గుక్క తిప్పుకోకుండా చెప్పగలను, టీ కొట్టు దగ్గర ఎవరైనా ఇంగ్లీష్‌లో టైమెంత అంటే మాత్రం వాచీ చూపించీవాణ్ణి. తర్వాత పార్సిల్ ఆఫీసులో పని దొరికింది, అక్కడ బెంగాలీ వాళ్లు ఒడిశా వాళ్లు ఫోన్లు చేస్తారు, తప్పో ఒప్పో వాగాను, ఆర్నెల్లలో వచ్చీసింది. తప్పుల గురించి ఆలోచిస్తే ఈ జన్మకి మాట్లాడలేవు.

మద్దిలపాలెం_మాస్టారు:
శీనూ, సగమే ఒప్పుకుంటాను. ముప్పై ఏళ్లు డిగ్రీ పిల్లలకి ఇంగ్లీష్ చెప్పినవాణ్ణి. వాగితే ధైర్యం వస్తుంది, సరే, కానీ తప్పుతోనే వాగితే తప్పు గట్టిపడిపోతుంది, పచ్చి సిమెంటు మీద కాలు వేసినట్టు. మా బావమరిది పదిహేనేళ్ల నుంచి బ్రహ్మాండంగా మాట్లాడుతున్నాడు, పదిహేనేళ్ల నుంచీ ఐ హావ్ అనకుండా "ఐ యామ్ హ్యావింగ్ ఎ డౌట్" అనే అంటున్నాడు.

అమ్మా, నీకు రూల్స్ తెలియక కాదు. తెలుగు వాక్యం లోపల నడుస్తూ ఉంటే పైన ఇంగ్లీష్ మాటలు కప్పుతున్నావు, మనందరి సంగతీ అంతే. "నాన్నగారు నేను వస్తానన్నారు" అంటాం, వచ్చేది నాన్నగారే అని తెలుగువాడికి అనుమానమే రాదు. అదే "మై ఫాదర్ సెడ్ ఐ విల్ కమ్" అంటే వచ్చేది నువ్వైపోతావు. హీ వుడ్ కమ్ అనాలి. అలాగే మనకి నుంచి అని ఒక్కటే ఉంది, రెండేళ్ల నుంచి, సోమవారం నుంచి. వాళ్లకి మొదటిదానికి ఫర్, రెండోదానికి సిన్స్. మనవాళ్లు రెండిటికీ ఫ్రమ్ వేసి చేతులు దులుపుకుంటారు. ఇక వాక్యం చివర తగిలించే "కదా" సంగతి. వాళ్లకి వాక్యాన్ని బట్టి మారుతుంది, మనం అన్నిటికీ ఈజింట్ ఇట్ తగిలిస్తాం. డిస్కస్ పక్కన అబౌట్, రిటర్న్ పక్కన బ్యాక్ అక్కర్లేదు, వన్ ఆఫ్ మై అన్నాక ఫ్రెండ్ కాదు ఫ్రెండ్స్.

ఇవన్నీ ఒకేసారి పెట్టుకుంటే శీను అన్నట్టే నోరు మూతపడుతుంది. వారానికి ఒకే తప్పు పట్టుకో. ఈ వారం సిన్స్, ఫర్ అనుకుంటే మిగతావి ఎలా పోయినా పట్టించుకోకు, అది ఒక్కటి తప్పితే మాత్రం పక్కవాళ్లు ఆపాలి.

లెవెల్ అడిగావు. యూరప్ వాళ్ల కొలత ఒకటి ఉంది, ఆరు మెట్లు, ఏ1 నుంచి సీ2 దాకా. బయటి దేశాల్లో డిగ్రీలో చేర్చుకోవడానికి చాలా చోట్ల బీ2 దగ్గర చూస్తారు, ఐఈఎల్‌టీఎస్ అనే ఇంగ్లీష్ పరీక్ష లెక్కలో సుమారు 5.5 నుంచి 6.5. నువ్వు రాసినదాన్ని బట్టి గ్రామర్‌లో ఆ దగ్గర్లోనే ఉన్నావు, మాట దగ్గర రెండు మెట్లు కింద ఉన్నావు. ఒకే మనిషికి రెండు లెవెల్సు ఉండటం వింతేం కాదు.

కంచరపాలెం_శీను:
వారానికి ఒక తప్పు, ఇది బావుంది మాస్టారూ. తప్పుకి 5 రూపాయలు డబ్బాలో వేయమనండి, రెండ్రోజుల్లో దారికొస్తారు.

సముద్రం_07:
ఇంగ్లీష్ రాకపోతే చచ్చిపోతామా? జపాన్ వాళ్లకి వచ్చా?

రుషికొండ_నైట్‌షిఫ్ట్:
బాబూ ఆ అమ్మాయి ఇంటర్వ్యూ జపాన్‌లో కాదు.

ఎంవీపీ_టీచరక్క:
రీడింగ్ గురించి ఎవరూ చెప్పట్లేదు కాబట్టి నేను. ఎడిటోరియల్ ఇప్పుడే వద్దమ్మా. డిక్షనరీ లేకుండా హాయిగా చదవాలంటే వంద మాటల్లో 98 దాకా ముందే తెలిసుండాలి అని ఈ రంగంలో పరిశోధన చేసినవాళ్లు అంటారు, అంటే యాభై మాటలకి ఒక్కటే కొత్తది. నువ్వు పెన్సిల్‌తో ప్రతి లైనులో మూడు రాసుకుంటున్నావంటే అది చదవడం కాదు, కూలిపని. ద్వారకానగర్‌లో పబ్లిక్ లైబ్రరీ ఉంది కదా, వెళ్లి పిల్లల పుస్తకాలు తియ్యి. సిగ్గేం లేదు, మా అబ్బాయి పుస్తకాలు చదివే నేను బాగుపడ్డాను. పేజీకి నాలుగైదు కొత్త మాటల కంటే ఎక్కువ తగిలితే మూసీసి ఇంకోటి తీసుకో. అవి నెలకి పది పుస్తకాలు దాటాక పేపర్లో స్పోర్ట్స్ పేజీకి రా, కథ నీకు ముందే తెలుసుంటుంది కాబట్టి మాటలు ఊహకి అందుతాయి.

ఎడిటోరియల్ ఆఖరున. అప్పుడైనా కష్టమైన నామవాచకాలు వదిలీ, చిన్న మాటలు చూడు. హౌవెవర్ ఎక్కడుందో అక్కడ గీత గియ్యి, రాసినాయన అసలు మనసులో మాట సాధారణంగా దాని తర్వాతే ఉంటుంది, ముందున్నది అవతలివాళ్ల వాదన. మా ట్యూషన్ పిల్లకి ఒక వాక్యం ఇచ్చాను, "ద పోర్ట్ విల్ నాట్ ఎక్స్‌పాండ్ అన్‌లెస్ ద రోడ్ ఈజ్ వైడెన్డ్". రోడ్డు వెడల్పు చేస్తే పోర్టు పెరగదు అని అర్థం చెప్పింది. అన్‌లెస్‌ని ఇఫ్ అనుకుంది. ఎక్స్‌పాండ్, వైడెన్ రెండూ తెలుసు దానికి! పెద్ద మాటలు వచ్చినా చిన్న మాట దగ్గర బోర్లా పడింది. అన్‌లెస్, దో, డిస్పైట్, వేరాజ్ ఇలాంటివి ఓ ముప్పై ఉంటాయి, అవి పట్టీసుకుంటే పేరా నీ చేతిలో ఉన్నట్టే.

పోర్టు_పెన్షనర్:
మా కాలంలో ఫోన్లు లేవు తల్లీ. డ్యూటీ దిగొచ్చాక షార్ట్‌వేవ్ రేడియోలో వాయిస్ ఆఫ్ అమెరికా వాళ్ల స్పెషల్ ఇంగ్లీష్ వినేవాణ్ణి, 1959లో మొదలెట్టారు అది. సుమారు 1500 మాటలతోనే వార్తలన్నీ చెప్పేవారు, మామూలు స్పీడులో మూడింట రెండొంతులు, నిదానంగా. వాళ్లు చెప్తూ ఉండగానే వెనకాలే నేనూ పైకి అనేవాణ్ణి. మా ఆవిడ పిచ్చెక్కిందనుకునేది. దాన్నే ఇప్పుడు షాడోయింగ్ అంటున్నారట, మా మనవరాలు చెప్పింది. తను బీబీసీ వాళ్ల సిక్స్ మినిట్ ఇంగ్లీష్ పెట్టుకుని అదే పని చేస్తోంది, ఆరు నిమిషాలే కాబట్టి విసుగు లేదు, కింద రాత కూడా ఉంటుందట. చెవికి పడందే నోటికి రాదమ్మా.

బీచ్‌రోడ్_బ్యాచ్:
మాది ముగ్గురి బ్యాచ్, ఏయూలో పీజీ. పైసా ఖర్చు లేని పద్ధతి చెప్తాను. సాయంత్రం ఆర్కే బీచ్‌లో కుర్సురా సబ్‌మెరైన్ దగ్గర నిలబడి ఒకడు గైడు, ఇద్దరు టూరిస్టులు. గైడు ఐదు నిమిషాలు ఇంగ్లీష్‌లో చెప్పాలి, టూరిస్టులు ప్రశ్నలేసి చంపాలి. మాస్టారు చెప్పిన సిన్స్, ఫర్ గొడవంతా దీన్లోనే వచ్చీసింది మాకు. ఇట్ వజ్ కమిషన్డ్ ఇన్ 1969, ఇట్ సర్వ్‌డ్ ఫర్ 31 ఇయర్స్, ఇట్ వజ్ డీకమిషన్డ్ ఇన్ 2001, ఇట్ హ్యాజ్ బీన్ ఎ మ్యూజియం సిన్స్ 2002. నాలుగు వాక్యాలు, అంతే. సంవత్సరం చెప్పి అయిపోయిన సంగతి చెప్తే మామూలు పాస్ట్, ఇప్పటికీ నడుస్తున్నదానికి హ్యాజ్ బీన్. మావాడొకడు హ్యాజ్ బీన్ కమిషన్డ్ ఇన్ 1969 అంటే "ఇంకా నడుస్తోందేట్రా, ఎక్కుదామా" అని ఏడిపించాం, మళ్లీ అన్లేదు.

ద ఎక్కడ పెట్టాలన్నది కూడా అక్కడే, చూపు తిప్పితే చాలు. ఎదురుగా సముద్రం ద బే ఆఫ్ బెంగాల్, వెనకాల కొండల వరస ద ఈస్టర్న్ ఘాట్స్. ఒంటరి కొండకి ద లేదు, కైలాసగిరి అంతే. డాల్ఫిన్స్ నోస్‌కీ లేదు. ఆంధ్రా యూనివర్శిటీకి ద పెట్టం, ద యూనివర్శిటీ ఆఫ్ హైదరాబాద్ అంటే పెడతాం, మధ్యలో ఆఫ్ వచ్చింది కాబట్టి. ఎ యూనివర్శిటీ గాని యాన్ యూనివర్శిటీ కాదు, పలికేటప్పుడు యూ కదా, యాన్ ఎంబీఏ అంటాం, పలికేది ఎమ్ అని. స్పెల్లింగ్ చూడకు, చెవితో చూడు.

ఫోన్లో రికార్డు పెట్టుకోండి. మొదటిసారి మన గొంతు మనం వింటే ఏడుపొస్తుంది, తట్టుకోవాలి.

గాజువాక_బీకామ్:
ఆరు వారాల తర్వాత వచ్చాను, థ్రెడ్ పైకి లేపుతున్నందుకు తిట్టకండి. మా పిన్ని కూతురు, నేను 400 బస్సులో కాలేజీకి వెళ్తూ నైట్‌షిఫ్ట్ అన్నయ్య చెప్పిన ప్రశ్నల ఆట ఆడుతున్నాం, కండక్టరు గారు రెండుసార్లు వెనక్కి తిరిగి చూశారు. డబ్బాలో 85 రూపాయలు పడ్డాయి, 60 నావే. లైబ్రరీ నుంచి పిల్లల పుస్తకాలు ఏడు అయ్యాయి, ఎడిటోరియల్ జోలికి వెళ్లలేదు, హౌవెవర్ మాత్రం గీత గీస్తున్నాను.

అసలు చెప్పాలనుకున్నది ఇది. మొన్న కాలేజీ సెలవని కుర్సురా దగ్గరికి వెళ్లి గైడు ఆట మొదలెట్టాం, నాది గైడు టర్ను. నిజంగానే ఒక బెంగాలీ ఫ్యామిలీ, అమ్మమ్మ గారితో సహా ఆరుగురు, నన్ను గైడే అనుకుని దగ్గరికొచ్చీసారు. గేటు మూసుంది. ఆ పెద్దాయన "ఈజింట్ ఇట్ ఓపెన్ టుడే?" అన్నారు. ఈజింట్! నా గుండె ఝల్లుమంది. యస్ అనబోయాను, నాలిక దాకా వచ్చీసింది, మింగీసి "నో, ఇట్ ఈజింట్. ఇట్స్ క్లోజ్డ్ ఆన్ మండేస్" అన్నాను. ఆయన థాంక్యూ అని వాళ్లావిడ వైపు తిరిగి బెంగాలీలో ఏదో చెప్పారు, అందరూ అలా నడుచుకుంటూ వెళ్లిపోయారు. అంతే. మా చెల్లి ఎగిరి గంతేసింది, వాళ్లకి మాత్రం ఏమీ తెలీదు పాపం.

ఆ ఊపులో ఇంకో రెండు ముక్కలు కూడా మాట్లాడాను మాస్టారూ, ఐ సెడ్ దెమ్ టు కమ్ టుమారో.

మద్దిలపాలెం_మాస్టారు:
శభాష్ అమ్మా. టోల్డ్ దెమ్.

గాజువాక_బీకామ్:
అయ్యో టోల్డ్. డబ్బాలో 5 వేస్తున్నాను.